కోర్టు గదిలో రెండు గంటలు: ఫ్యామిలీ కోర్టు విజిటేషన్ ఏర్పాటుకు మా మార్కులు

భార్యాభర్తలు విడిపోయి బిడ్డ ఒకరి దగ్గర ఉండిపోతే, రెండోవారికి కోర్టు నుంచి ముందుగా దొరికేది చాలాసార్లు ఇదే: నెలకు రెండుసార్లు, కోర్టు ఆవరణలో, బిడ్డను కలవడానికి ఓ రెండు గంటలు. దీన్నే విజిటేషన్ అంటారు. కేసు హైదరాబాద్ పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టులో నడిచినా, జిల్లా కోర్టులో నడిచినా మొదటి మెట్టు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. హోటళ్లకూ ఆసుపత్రులకూ మార్కులు వేసే రోజుల్లో దీనికి మాత్రం ఎందుకు వేయకూడదు? బిడ్డ భద్రతకు ఐదుకు నాలుగు. బిడ్డకు హాయిగా ఉండటంలో ఐదుకు రెండు. రోజులూ వేళలూ కుదరడంలో ఒకటి, అదీ మొహమాటానికి.

ఆ ఒక్క మార్కు సంగతి ముందు చూద్దాం. కోర్టు పనిచేసే వేళకు పిల్లలు బళ్లో ఉంటారు. ఆదివారం కోర్టు ఉండదు, రెండో శనివారం సెలవు. వేసవికీ దసరాకీ సంక్రాంతికీ బడితోపాటు కోర్టుకూ సెలవులే. బిడ్డకు తీరిక ఉన్న రోజున గదికి తాళం, గది తెరిచిన రోజున బిడ్డకు బడి. ఈ చిక్కు ఆర్డరు రాసేటప్పుడు ఎవరికీ తట్టదు. 'ప్రతి రెండో, నాలుగో శనివారం కోర్టు ఆవరణలో' అని ఇద్దరి ప్లీడర్లూ ఒప్పేసుకుంటారు, తీరా మొదటి రోజే గేటు మూసి ఉంటుంది. అందుకే ఒకటో, మూడో శనివారం అని అడగండి. ఆ రోజు కోర్టుకు సెలవు పడితే 'మరుసటి పనిదినం' అని రాయించుకోకండి, అది సోమవారం అవుతుంది, బిడ్డకు బడి పోతుంది. 'కోర్టు పనిచేసే మరుసటి శనివారం, అదే వేళకు' అని ఉండాలి. వేసవి సెలవుల్లో కోర్టుకు బదులు ఏ చోట కలవాలో కూడా అదే ఆర్డరులో పేరుతో సహా ఉండాలి. లేదంటే ఆ నెల మొత్తం గాలికి పోతుంది, జూన్‌లో బిడ్డ మళ్లీ కొత్త మనిషిని చూసినట్టు చూస్తుంది.

ఇంతకీ ఈ గది దాకా చేరే దారి. విడాకుల కేసు లేకుండా బిడ్డ సంగతి మాత్రమే తేల్చుకోవాలంటే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేస్తారు. కోర్టుల్లో దాన్ని జి.డబ్ల్యు.ఓ.పి. అంటారు. ఈ చట్టం అన్ని మతాలవాళ్లకూ పనికొస్తుంది. హిందూ దంపతుల విడాకుల కేసు ఇప్పటికే నడుస్తుంటే, హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద అదే కోర్టులో అడగొచ్చు. గృహహింస కేసులో మేజిస్ట్రేటు కూడా 21వ సెక్షన్ కింద తాత్కాలిక కస్టడీ ఇవ్వగలరు. బిడ్డకు హాని ఉందనిపిస్తే అవతలివారు కలవకుండా ఆపే అధికారం కూడా అక్కడే ఉంది.

ఎక్కడ వేయాలి అన్నదగ్గర చాలామంది పొరపాటు పడతారు. తండ్రి గుంటూరులో, తల్లి బిడ్డతో వరంగల్‌లో ఉంటే, తండ్రి గుంటూరులో వేసిన పిటిషన్ నిలవడం కష్టం. బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తోందో ఆ ఊరి కోర్టుదే అధికారం అని గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. బడి బోనఫైడ్ సర్టిఫికెట్టు ఇక్కడ పనికొచ్చేంతగా ఇంకేదీ పనికిరాదు.

పిటిషన్ ఒక్కటే వేసి ఊరుకుంటే మొదటి వాయిదాకు నోటీసు, రెండో వాయిదాకు కౌంటరు (అవతలివారి రాతపూర్వక జవాబు), మూడోదానికి కౌన్సెలింగు. నెలలు దొర్లిపోతాయి. పిటిషన్ వేసిన రోజే అదే చట్టం 12వ సెక్షన్ కింద ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) కూడా వేసి, కేసు తేలేదాకా బిడ్డను కలిసే ఏర్పాటు అడగాలి. దానికి బిడ్డ జనన ధ్రువీకరణ పత్రం, బోనఫైడ్, నివాస రుజువుతోపాటు ఒక కాగితం జత చేయండి: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరు తెస్తారు, ఎవరు తీసుకెళ్తారు. దీన్ని పెట్టేవాళ్లు తక్కువ. పెడితే మాత్రం విచారణ 'ఇవ్వాలా వద్దా' అన్నచోట ఆగిపోకుండా 'పదకొండు గంటలకా, రెండు గంటలకా' అన్నదాకా వస్తుంది.

ఫ్యామిలీ కోర్టులో ప్లీడరు ఉండటం హక్కు కాదు (1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్), అనుమతి అడిగి పెట్టుకుంటారు. సొంతంగానూ వాదించుకోవచ్చు. ఖర్చు భరించలేకపోతే న్యాయసేవల నంబరు 15100. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. తండ్రులకు మామూలుగా ఆదాయ పరిమితి చూస్తారు.

కౌన్సెలింగును తంతుగా భావించి 'కలిసి ఉండం' అని రెండు ముక్కలు చెప్పి బయటికొచ్చేస్తారు చాలామంది. అక్కడ కాపురం నిలబడకపోవచ్చు, కానీ కలిసే వేళల మీద ఇద్దరూ సంతకం పెట్టిన ఉమ్మడి మెమో (కోర్టుకు రాసిచ్చే కాగితం) తయారు కావచ్చు. దాని మీద ఆర్డరు వాదించి తెచ్చుకున్న ఆర్డరుకన్నా తొందరగా వస్తుంది, అమలూ బాగుంటుంది. ఆ గదిలో అరిస్తే మాత్రం కౌన్సెలర్ రిపోర్టు జడ్జి బల్ల మీదికి చేరుతుందని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు గది. భద్రతకు నాలుగు మార్కులు ఎందుకంటే, ఇద్దరూ ఎదురుపడితే గొడవ జరిగే కేసుల్లో ఇంతకన్నా మంచి చోటు లేదు. సిబ్బంది ఉంటారు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ నమోదు చేయించుకోవచ్చు, బిడ్డను ఎత్తుకుపోతారన్న భయం తగ్గుతుంది. కొట్టిన చరిత్ర ఉన్న కేసులో ఒక వాక్యం అదనంగా రాయించుకోవాలి: బిడ్డను తెచ్చేవారు పావుగంట ముందు వచ్చి, బిడ్డను అప్పగించి, వేరే అంతస్తుకో వేరే హాలుకో వెళ్లిపోతారు. పోయేటప్పుడు కలవడానికి వచ్చినవారు పావుగంట ఆగి బయల్దేరతారు. పార్కింగులో జరిగే గొడవల్లో చాలావరకు ఈ వాక్యంతో తప్పుతాయి.

హాయికి రెండే మార్కులు ఎందుకన్నది లోపలికి వెళితే తెలుస్తుంది. కొన్నిచోట్ల పిల్లల గది విడిగా, రంగులు వేసి, నాలుగు బొమ్మలు పెట్టి ఉంటుంది. కొన్నిచోట్ల కౌన్సెలర్ గదిలో ఓ మూల, రెండు కుర్చీలు. బయట వరండాలో వాయిదాకొచ్చినవాళ్ల ఏడుపులూ కేకలూ వినిపిస్తుంటాయి. నాలుగేళ్ల బిడ్డకు ఇది అమ్మనో నాన్ననో కలిసే చోటులా అనిపించదు, సూది మందు వేసే చోటులా అనిపిస్తుంది.

అయినా కొన్ని చిన్న పనులతో ఈ రెండు గంటల్ని బాగు చేసుకోవచ్చు. ప్రతిసారీ అదే సంచి తీసుకెళ్లండి: రంగు పెన్సిళ్లు, ఓ ఇరవై ముక్కల జిగ్‌సా, బిడ్డకు తెలిసిన ఒక కథల పుస్తకం, కింద పరచడానికి దుప్పటి. సంచిలో బొమ్మలు మీతోనే తిరిగి వెళ్లాలి. ఖరీదైన సైకిలో టాబ్లెట్టో కొని చేతిలో పెడితే, అవతలివారు 'ఇంటికి తేవద్దు' అంటారు, ఆ పేచీ బిడ్డ కళ్ల ముందే జరుగుతుంది. తినడానికి ఇంట్లో అలవాటైనదే తెండి. కొత్త రుచులకు, చాక్లెట్లకు ఇది వేళ కాదు; సాయంత్రం కడుపునొప్పి వస్తే 'ఏం పెట్టారు' అన్న మెసేజీ, ఆపైన మెమో. ఫోను సైలెంట్‌లో పెట్టి జేబులో ఉంచండి. వీడియోలు తీస్తే బిడ్డ ముడుచుకుంటుంది, అవతలివారికి అభ్యంతరం పెట్టడానికి సాకు దొరుకుతుంది.

మొదటి రెండు మూడుసార్లు బిడ్డ తెచ్చినవారి కొంగో చొక్కానో వదలదు. తెచ్చినవారు గుమ్మం దగ్గర నిలబడి 'వెళ్లమ్మా, వెళ్లు, ఏం చెయ్యరు' అంటూ ఉంటే ఇంకా బిగుసుకుంటుంది. ఆ 'ఏం చెయ్యరు' అన్న మాటే అసలు చేటు. 'భోజనం టైముకు వస్తా' అని చెప్పి, పక్కకు వెళ్లిపోవాలి. కలవడానికి వచ్చినవారు లాక్కుని ఎత్తుకోకుండా, కింద కూర్చుని జిగ్‌సా పేర్చడం మొదలుపెడితే చాలు, కాసేపటికి బిడ్డే ఓ ముక్క అందిస్తుంది. పావుగంట దాటినా దగ్గరికి రాకపోతే బలవంతం చేయకుండా కౌన్సెలర్‌ను కూర్చోమనండి. 'బిడ్డ ఏడ్చింది, కాబట్టి ఇష్టం లేదు' అని వెంటనే ఐ.ఏ. వేసేవాళ్లుంటారు. కొత్త చోట చిన్నపిల్లలు ఏడవడం ఇష్టాయిష్టాలకు కొలమానం కాదు.

'అమ్మ నా గురించి ఏమంటోంది', 'ఇంటికి ఎవరొస్తున్నారు' అని అడగొద్దు. అడిగిన ప్రశ్న ఆ సాయంత్రానికే అవతలివారికి చేరుతుంది. జడ్జి బిడ్డతో ఛాంబర్‌లో విడిగా మాట్లాడవచ్చు. తెలివిడి వచ్చిన పిల్లల ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. నేర్పించిన మాటలు అక్కడ ఇట్టే తెలిసిపోతాయి: ఆరేళ్ల పిల్లాడు 'మానసిక క్షోభ' అంటే ఎవరైనా తల ఎత్తి చూస్తారు. తల్లి మీదో తండ్రి మీదో బిడ్డ మనసు విరిచే తీరు గురించి 2017లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో వివరంగానే చర్చించింది.

తాతయ్య, నాయనమ్మల సంగతి ఆర్డరులో ఉండదు, గుమ్మం దగ్గర ఉంటుంది. 'తండ్రి కలవవచ్చు' అని ఉంటే నాయనమ్మను లోపలికి రానివ్వాలా? అవతలివారు కాదంటే పెద్దావిడ వరండాలోనే కూర్చుంటుంది. 'తండ్రి, ఆయన తల్లిదండ్రులు' అని ముందే రాయించుకోవాలి. అలాగని ఆరుగురు బంధువులతో దిగితే బిడ్డ బెదిరిపోతుంది.

చట్టం బిడ్డ మేలే అన్నింటికన్నా పైది అంటుంది. అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం (1956) చెబుతుంది. అయిదేళ్లు నిండగానే కస్టడీ దానంతటదే తండ్రికి మారుతుందన్న నమ్మకం ఒకటి ఊళ్లలో తిరుగుతోంది. అది తప్పు. అలాగే మనోవర్తి బాకీ ఉందని బిడ్డను చూపించకపోవడం, చూపించలేదని మనోవర్తి ఆపేయడం, రెండూ కోర్టు ముందు ఎదురుతిరుగుతాయి.

బిడ్డను తీసుకురాకపోతే ఏం చేయాలి? ఆర్డరులో ఉన్న వేళ మొత్తం అక్కడే ఉండండి, అరగంట చూసి వెళ్లిపోవద్దు. రిజిస్టరు ఉంటే సంతకం, లేకపోతే కౌన్సెలర్‌కో కోర్టు సిబ్బందికో చెప్పి వచ్చినట్టు రాయించండి. అక్కడినుంచే ఒక మెసేజీ: 'ఆర్డరు ప్రకారం 11 నుంచి 1 దాకా కోర్టు ఆవరణలో ఉన్నాను. బాబును తీసుకురాలేదు.' ఒక్క తిట్టూ వద్దు, ఒక్క ఆశ్చర్యార్థకమూ వద్దు. ఆ వారంలోనే మెమో వేయండి. ఇలా రెండు మూడు పోగైతే, పోయిన గంటలకు బదులు గంటలు, చోటు మార్పు కోరుతూ ఐ.ఏ. వేయొచ్చు. ఆర్డరు అమలుకు ఈ.పి. (ఎగ్జిక్యూషన్ పిటిషన్) కూడా ఉంది. పోలీసుల దగ్గరికి పరిగెత్తితే 'సివిల్ మేటర్, కోర్టుకు పోండి' అనే జవాబే ఎక్కువసార్లు వస్తుంది. బిడ్డ ఉన్నవారి వైపు నుంచి: నిజంగా జ్వరం వస్తే కలిసే వేళకు ముందే డాక్టరు చీటీ ఫొటో పంపి, అదే మెసేజీలో ఇంకో తేదీ ఇవ్వండి. తేదీ లేని జ్వరం కోర్టులో సాకులా కనిపిస్తుంది.

మెసేజీలు కోర్టులో పెట్టాలంటే స్క్రీన్‌షాట్లు ఒక్కటే చాలవు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్టు జత చేయాలి. సాక్ష్యం తీసుకోవడంలో ఫ్యామిలీ కోర్టుకు ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షన్ కొంత సడలింపు ఇస్తుంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ఫోను మారిస్తే పాత చాట్ పోకుండా చూసుకోండి.

ఈ గది మెట్టు లాంటిది, దాని మీదే కాపురం పెట్టకూడదు. ఆర్డరులోనే పై మెట్లు రాయించుకోవడం మంచిది: మొదటి మూడు నెలలు కోర్టు ఆవరణ, తర్వాత మూడు నెలలు పార్కో మాలో పగటిపూట, ఆపైన నెలకు రెండు ఆదివారాలు ఇంటికి, బిడ్డ అలవాటు పడ్డాక శనివారం రాత్రి నిద్ర. ఇలా లేకపోతే ప్రతి మార్పుకూ కొత్త ఐ.ఏ., కొత్త కౌంటరు. మాల్ అంటే 'మాల్‌లో' అని వదిలేయకుండా ఏ అంతస్తు, ఏ గేటు అన్నది రాయాలి. రెండు గేట్ల దగ్గర ఇద్దరూ గంటసేపు నిలబడి 'రాలేదు' అని ఒకరి మీద ఒకరు మెమో వేసుకోవడానికి ఆ మాత్రం ఖాళీ చాలు.

బడి దగ్గర అప్పగింత మాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి. శుక్రవారం బడి నుంచి ఒకరు తీసుకెళ్తారు, సోమవారం పొద్దున బళ్లోనే దింపుతారు, ఇద్దరూ ఎదురుపడే పనే లేదు. రెండు జాగ్రత్తలు. ఆర్డరు సర్టిఫైడ్ కాపీ ఒకటి ప్రిన్సిపాల్‌కు ముందే ఇవ్వాలి, లేకపోతే గేటు దగ్గర వాచ్‌మన్ పంపడు. ఆర్డరులో 'సాయంత్రం 4 గంటలకు' అని కాక 'బడి వదిలే వేళకు' అని ఉండాలి. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైన రోజున నాలుగింటికి వచ్చేసరికి బిడ్డ ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది, ఆ శుక్రవారం పోతుంది.

పండుగలదీ అదే కథ. 'దసరా సెలవుల్లో సగం' అని రాస్తారు. తెలంగాణలో దసరా సెలవులు పెద్దవి, ఆంధ్రలో అసలు గొడవంతా సంక్రాంతికి. బిడ్డ హైదరాబాద్‌లో చదువుతూ తండ్రి ఊరు భీమవరం అయితే ఆయనకు కావలసింది భోగి, సంక్రాంతి, కనుమ. 'బడి ప్రకటించిన సంక్రాంతి సెలవులు సరి సంవత్సరాల్లో తండ్రి దగ్గర, బేసి సంవత్సరాల్లో తల్లి దగ్గర. దసరా దానికి తలకిందులు' అంటే ప్రతి ఏడూ కొత్తగా కొట్టుకోనక్కర్లేదు. సగం అన్నప్పుడు మొదటి సగమా, రెండో సగమా, ఏ తేదీ పొద్దున ఎన్ని గంటలకు మార్పిడి అన్నది కూడా ఉండాలి. పుట్టినరోజు ఏ వారంలో పడినా సరే, రెండోవారికి సాయంత్రం రెండు గంటలు విడిగా రాయించండి.

వీడియో కాల్ చాలా ఆర్డర్లలో చివరి వాక్యంగా తోక మాదిరి వేలాడుతుంది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో, ప్రత్యేక కారణాలు లేకపోతే కస్టడీ లేని తల్లి లేదా తండ్రి రోజూ 5 నుంచి 10 నిమిషాలు బిడ్డతో మాట్లాడే హక్కు ఉండాలని చెప్పింది. ఆ తీర్పును ఐ.ఏ.లో ప్రస్తావించండి. చిన్నపిల్లలు అరగంట కెమెరా ముందు కూర్చోలేరు, పదే పది నిమిషాలు, పడుకోబోయే ముందు కథ వేళకు పెడితే నిలుస్తుంది. ఎవరు కాల్ చేయాలి, ఏ నంబరుకు, తప్పిపోతే ఎప్పుడు, ఇవి మూడూ ఉండాలి.

ఒకరు అమెరికాలో ఉంటే వేళను బిడ్డ ఉన్న ఊరి గడియారంతో రాయాలి. భారత్‌లో ఆదివారం పొద్దున 8 అంటే న్యూయార్క్‌లో శనివారం రాత్రి, చలికాలం తొమ్మిదిన్నర, వేసవిలో పదిన్నర. అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారం మారుతుంది, ఇక్కడ మారదు. అమెరికాలో కొన్ని కోర్టులు అవర్‌ఫ్యామిలీవిజర్డ్ లాంటి యాప్ వాడమని ఆదేశిస్తాయి. పంపిన మెసేజీని తర్వాత మార్చలేరు, చెరపలేరు, ఎప్పుడు చదివారో కూడా నమోదవుతుంది. ఇక్కడి కేసుకు అంత అవసరం లేదు, ఒక్క ఈమెయిల్ చిరునామా దీనికే విడిగా పెట్టుకుంటే సరిపోతుంది.

బిడ్డను దేశం దాటించే ప్రమాదం ఉన్నచోట కోర్టు గది ఇచ్చే భద్రత చాలదు. దేశం దాటించిన పిల్లల్ని తిరిగి పంపడం గురించిన 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు, కాబట్టి బిడ్డను తిరిగి పంపే విషయాన్ని ఇక్కడి కోర్టులు ఏ కేసుకాకేసు బిడ్డ మేలు చూసి తేలుస్తాయి. పిల్లలతో హైదరాబాద్ వచ్చి ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో వేసిన ఒక కస్టడీ కేసులో, 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని అమెరికాకు తిరిగి తీసుకెళ్లమంది. బిడ్డను కోర్టు పరిధి దాటించాలంటే, కోర్టు నియమించిన గార్డియన్ ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలని గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 26వ సెక్షన్, దాటిస్తే వెయ్యి రూపాయల దాకా జరిమానా లేదా ఆరు నెలల దాకా సివిల్ జైలు అని 44వ సెక్షన్ చెబుతాయి. వెయ్యి రూపాయలు 1890లో పెద్ద మొత్తమే, ఇప్పుడు విమానం టికెట్టులో పదో వంతు కూడా కాదు. అందుకే జరిమానా మీద ఆశ పెట్టుకోకుండా, బిడ్డ పాస్‌పోర్టు కోర్టులో డిపాజిట్ చేయమని ఇంటరిమ్ (తాత్కాలిక) ఆర్డరులోనే అడగండి. బిడ్డ భారత పాస్‌పోర్టుకు మామూలుగా ఇద్దరి సమ్మతితో అనెక్చర్-డి అనే ఫారం, ఒకరే అడిగితే అనెక్చర్-సి ఇవ్వాలి. కేసు నడుస్తోందని పాస్‌పోర్టు ఆఫీసుకు ఆర్డరు కాపీతో సహా రాసి, ముట్టినట్టు రసీదు దాచుకోండి. బిడ్డ అమెరికా పౌరురాలైతే, పదహారేళ్లలోపు పాస్‌పోర్టుకు అక్కడా ఇద్దరి సమ్మతి కావాలి. ఎవరైనా దరఖాస్తు పెడితే తల్లిదండ్రులకు కబురు చేసే ఏర్పాటు అక్కడి విదేశాంగ శాఖలో ఉంది, దానిలో బిడ్డ పేరు ముందుగానే నమోదు చేయించాలి.